స్పానిష్ క్రియాపదాన్ని ఎక్కడ విరవాలి, ఎక్కడ నొక్కాలి: తెలుగువాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

స్పానిష్‌లో 'అబ్లొ' అనే మాటను మొదటి సిలబుల్ (ఒక్క ఊపులో పలికే భాగం) మీద నొక్కి పలికితే 'నేను మాట్లాడతాను' అని అర్థం. చివరి సిలబుల్ మీద నొక్కితే 'అతను మాట్లాడాడు'. ధ్వనులన్నీ అవే. నొక్కే చోటు మారితే చాలు, మాట్లాడే మనిషీ మారతాడు, కాలమూ మారుతుంది.

మామూలుగా స్పానిష్ నేర్చుకునేవాళ్లు క్రియారూపాల పట్టికలు బట్టీ పడతారు. నిజానికి ఊనిక, అంటే ఈ నొక్కు, ఎక్కడ పడుతుందో ముందు తెలుసుకుంటే, ఆ పట్టికల్లో 'మినహాయింపు' అని రాసి ఉన్నవాటిలో చాలా భాగం మినహాయింపులే కావని తేలుతుంది. ఈ వ్యాసంలో ఆ దారినే వెళ్దాం: ముందు మాటను సిలబుల్స్‌గా విడగొట్టడం, తర్వాత ఊనికను పట్టుకోవడం, ఆ తర్వాత క్రియ లోపలి కట్టును విప్పి చూడటం.

ముందుగా ఇక్కడ వాడే గుర్తుల సంగతి. స్పానిష్ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఇస్తాను. సిలబుల్స్ మధ్య అడ్డగీత ఉంటుంది. ఊనిక పడే సిలబుల్ చదరపు బ్రాకెట్లలో ఉంటుంది: [అ]-బ్లొ, అ-[బ్లొ]. అచ్చులన్నీ హ్రస్వాలుగానే రాస్తున్నాను, ఎందుకంటే స్పానిష్‌లో హ్రస్వ దీర్ఘ భేదం లేదు. 'త', 'ద' దంత్యాలు, 'ట', 'డ' పలకకండి. 'స' దగ్గర లాటిన్ అమెరికా ఉచ్చారణ తీసుకున్నాను. హ్యూస్టన్‌లోనో డాలస్‌లోనో ఉండే తెలుగువాళ్లకు రోజూ చెవిన పడేది అదే. స్పానిష్ స్పెల్లింగ్‌లో అచ్చు మీద ఏటవాలుగా గీసే చిన్న గీతను తిల్దె అంటారు. ఊనిక ప్రతి మాటలోనూ ఉంటుంది కానీ తిల్దె కొన్నిటిలోనే రాస్తారు. ఈ రెండూ కలిపేసుకుంటే తర్వాతదంతా గందరగోళమే.

అడుగు 1: చెవిని మార్చుకోవాలి

తెలుగు చెవి అచ్చు పొడవును పట్టుకుంటుంది. 'కల' వేరు, 'కాల' వేరు. 'పలు' వేరు, 'పాలు' వేరు. గట్టిగా అన్నా మెల్లగా అన్నా మన మాటకు అర్థం మారదు. అందుకే మనవాళ్లు ఏ స్పానిష్ మాటనైనా 'హాబ్లో' అన్నట్టు రెండు చోట్లా దీర్ఘం తీసి, రెంటికీ సమానంగా బరువు ఇచ్చి పలుకుతారు. వినే స్పానిష్ మనిషికి అది 'మాట్లాడతాను' అనో 'మాట్లాడాడు' అనో తేలదు.

ఊనిక ఇచ్చే సిలబుల్‌లో గొంతు కొంచెం పైకి లేస్తుంది, కొంచెం గట్టిపడుతుంది, కాస్త సాగుతుంది కూడా. కానీ మన దీర్ఘమంత సాగదు. మిగిలిన సిలబుల్స్‌ను మింగేయకూడదు. ఇంగ్లిష్‌లో ఊనిక లేని అచ్చులు నలిగిపోతాయి, స్పానిష్‌లో అవి స్పష్టంగానే ఉంటాయి. ఈ విషయంలో మనకు లాభమే, అచ్చులు నలపకుండా పలకడం తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఈ మూడు మాటలూ పైకి చదవండి:

[తెర్]-మి-నొ: గడువు, ముగింపు (నామవాచకం)
తెర్-[మి]-నొ: నేను ముగిస్తాను
తెర్-మి-[నొ]: అతను ముగించాడు

మధ్యదానికి తిల్దె ఉండదు, మొదటిదానికీ చివరిదానికీ ఉంటుంది. ఎందుకో మూడో అడుగులో చూద్దాం. ఈ మూడూ తడబడకుండా పలకగలిగితే చెవి సిద్ధమైనట్టే.

అడుగు 2: సిలబుల్స్‌గా విడగొట్టడం

రెండు అచ్చుల మధ్య ఒకే హల్లు ఉంటే అది తర్వాతి అచ్చుతో వెళ్తుంది: [కొ]-మె (తింటాడు), [బి]-బె (జీవిస్తాడు). ఇందులో ఇబ్బంది లేదు.

రెండు హల్లులు వస్తేనే చిక్కు. మన లిపి హల్లులన్నిటినీ తర్వాతి అచ్చుకు వత్తుగా తగిలిస్తుంది: 'పర్తెస్' అని రాస్తే కంటికి ప-ర్తె-స్. స్పానిష్‌లో అది [పర్]-తెస్ (నువ్వు బయల్దేరతావు). ఇక్కడ కంటిని పక్కనపెట్టి, పదో తరగతిలో గణ విభజన చేసిన చెవిని పిలవండి. సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువు అవుతుందని చదువుకున్నాం కదా? పలికేటప్పుడు మొదటి హల్లు వెనక్కి జారి ముందు అచ్చును బరువెక్కిస్తుంది కాబట్టే అది గురువు. స్పానిష్ కూడా అలాగే విరుగుతుంది: [కన్]-తొ (పాడతాను), సల్-[తర్] (దూకడం), [బుస్]-కొ (వెతుకుతాను).

ఒక గుంపు మాత్రం విరగదు. ప, బ, ఫ, క, గ అనే హల్లులకు ర గాని ల గాని తోడైనా, త, ద లకు ర తోడైనా ఆ జంట కలిసే ఉండి తర్వాతి అచ్చుతో వెళ్తుంది: [అ]-బ్లొ, [అ]-బ్రొ (తెరుస్తాను). ఇక్కడ మాత్రం మన లిపి విరుపూ స్పానిష్ విరుపూ ఒకటే. మూడు హల్లులు వచ్చినా ఈ నియమమే: [కొం]-ప్రొ (కొంటాను), [ఎన్]-త్రొ (లోపలికి వస్తాను), [కుం]-ప్లొ (నెరవేరుస్తాను).

స మాత్రం తర్వాతి హల్లుతో ఎప్పుడూ జతకట్టదు, ముందు అచ్చునే పట్టుకుంటుంది: ఎస్-[క్రి]-బొ (రాస్తాను), ఎస్-[తు]-ద్యొ (చదువుతాను), ట్రాన్స్‌పోర్ట్‌కు చుట్టమైన త్రన్స్-పొర్-[తర్]. స్పానిష్ మాట స-హల్లు జంటతో మొదలుకాదు, ముందు ఒక 'ఎ' తగిలిస్తుంది. 'ఇస్కూలు' అనే మన పల్లె నాలుక చేసే పనే అది.

స్పెల్లింగ్‌లో రెండు రోమన్ అక్షరాలున్నా ఒకే ధ్వని అయితే విరవకూడదు. నాలుకను వణికిస్తూ సాగదీసి పలికే జంట ర ధ్వనికి నేను మన బండి ఱ వాడుతున్నాను: [కొ]-ఱొ (పరిగెత్తుతాను), కొ-[ఱెర్] (పరిగెత్తడం). 'ర్ర' అని రాస్తే 'కొర్-రొ' అని విరిచే ప్రమాదం ఉంది.

ఇక అచ్చులు పక్కపక్కన పడితే? అ, ఎ, ఒ బలమైనవి. ఇ, ఉ బలహీనమైనవి. రెండు బలమైనవి కలిస్తే రెండు సిలబుల్స్: [లె]-ఒ (చదువుతాను), క-[ఎర్] (పడటం). బలహీనమైనది బలమైనదాని పక్కన ఉంటే రెండూ కలిసి ఒకే సిలబుల్. దీన్ని మన యణాదేశ సంధిలా ఊహించుకుంటే చాలు: అతి + అంత = అత్యంత, సు + ఆగతం = స్వాగతం. ఎస్-[తు]-ద్యొ లో ఇ + ఒ కలిసి 'ద్యొ' అయినట్టు. తెలుగు లిపిలో ్య, ్వ వత్తులతో రాయగలిగితే అది ఒకే సిలబుల్ అని గుర్తు. కానీ ఆ ఇ మీదో ఉ మీదో ఊనిక పడితే సంధి జరగదు. ఊనిక ఉన్న అచ్చు వత్తుగా మారడానికి ఒప్పుకోదు. అప్పుడు దాని మీద తిల్దె రాస్తారు: కొ-[మి]-అ (తింటూ ఉండేవాణ్ని). మూడు సిలబుల్స్.

అడుగు 3: చివరి నుంచి లెక్కపెట్టడం

ఊనిక లెక్క ఎప్పుడూ మాట చివరి నుంచే. తిల్దె లేని మాట అచ్చుతోగాని, న తోగాని, స తోగాని ముగిస్తే ఊనిక చివరి నుంచి రెండో సిలబుల్ మీద. ఇంకే హల్లుతో ముగిసినా చివరి సిలబుల్ మీద. ఈ రెంటికీ లొంగని మాటకు, ఊనిక ఉన్న అచ్చు మీద తిల్దె. స్పానిష్ క్లాసుల్లో చివర నొక్కే మాటను అగుద అని, చివరి నుంచి రెండోదాన్ని నొక్కితే యన అని, మూడోదాన్ని నొక్కితే ఎస్ద్రుఖుల అని అంటారు. ఎస్ద్రుఖులలకు ఎప్పుడూ తిల్దె ఉంటుంది.

అన్ని హల్లుల్లోకీ న, స లకే ఎందుకీ ప్రత్యేకత? చాలా పుస్తకాలు ఇది చెప్పకుండా దాటేస్తాయి. క్రియను చూస్తే కారణం తెలుస్తుంది. [కన్]-త అంటే 'పాడుతుంది'. స చేరిస్తే [కన్]-తస్, 'నువ్వు పాడతావు'. న చేరిస్తే [కన్]-తన్, 'వాళ్లు పాడతారు'. ఆ స, న లు పురుష ప్రత్యయాలు. అవి వచ్చి తగిలినా ఊనిక కదలదు. నామవాచకాలకు బహువచనపు స చేరినా అంతే. వాటిని మామూలు హల్లులుగా లెక్కేస్తే ఈ కోటానుకోట్ల రూపాలన్నిటికీ తిల్దె గీయాల్సి వచ్చేది. స్పెల్లింగ్ నియమాన్నే క్రియల అవసరానికి తగ్గట్టు కట్టారన్నమాట.

ఇప్పుడు తెర్మినొ సంగతి చూడండి. అచ్చుతో ముగిసింది కాబట్టి తిల్దె లేకపోతే తెర్-[మి]-నొ. మిగిలిన రెండూ నియమం తప్పాయి, అందుకే వాటికి తిల్దె. నిఘంటువులో కనిపించే మూలరూపాలు కన్-[తర్] (పాడటం), కొ-[మెర్] (తినడం), బి-[బిర్] (జీవించడం) అన్నీ ర తో ముగుస్తాయి, కాబట్టి చివర నొక్కినా తిల్దె అక్కర్లేదు.

ఒకే సిలబుల్ ఉన్న మాటలకు తిల్దె ఉండదు. ఫ్వె (వెళ్లాడు, అయ్యాడు), ద్యొ (ఇచ్చాడు), బ్యొ (చూశాడు) లకు పాత పుస్తకాల్లో తిల్దె కనిపిస్తుంది. స్పానిష్ అకాడమీ కొత్త నియమాలు 1959లో అమల్లోకి వచ్చాక తీసేశారు. పారిపోవడం అనే క్రియలో 'నేను పారిపోయాను' అనే రూపానికి 2010 సవరణతో తిల్దె పోయింది. 'దె' (ఇవ్వనీ) , 'సె' (నాకు తెలుసు) అనే రెండు క్రియారూపాలకు మాత్రం తిల్దె ఉంచారు, అదే ధ్వనితో ఉన్న వేరే చిన్న మాటలతో కలిసిపోకుండా.

అడుగు 4: క్రియను నాలుగు ముక్కలు చేయడం

'పాడతాను' అంటే చాలు, 'నేను' అనక్కర్లేదు. ఆ 'ను' లోనే మనిషి ఉన్నాడు. స్పానిష్ కూడా అంతే, కర్తను వదిలేస్తుంది. ఇంగ్లిష్ నుంచి వచ్చేవాళ్లు దీనికి అలవాటుపడటానికి తంటాలు పడతారు, మనకు అది ఇంట్లో వ్యవహారం.

'కంతబమొస్' (మేం పాడుతూ ఉండేవాళ్లం) తీసుకోండి. లోపల నాలుగు ముక్కలున్నాయి: కంత్ + అ + బ + మొస్. మొదటిది ధాతువు. రెండోది ఆ క్రియ ఏ గుంపుదో చెప్పే అచ్చు. మూలరూపం -అర్, -ఎర్, -ఇర్ లలో దేనితో ముగుస్తుందో దాన్నుంచి వస్తుంది. దీన్ని గుంపు అచ్చు అందాం. మూడోది కాలం. నాలుగోది పురుష: మొస్ అంటే మేం, మనం (స్పానిష్‌కు ఈ రెంటికీ తేడా లేదు), స అంటే నువ్వు, న అంటే వాళ్లు.

ఈ ముక్కలు సిలబుల్స్‌తో సరిపోవు. ముక్కలుగా కంత్-అ-బ-మొస్, సిలబుల్స్‌గా కన్-[త]-బ-మొస్. ధాతువు చివరి 'త్' వెళ్లి గుంపు అచ్చుతో కలిసింది. పలికేటప్పుడు సిలబుల్స్‌గా, అర్థం చేసుకునేటప్పుడు ముక్కలుగా చూడాలి. రెండు పనులూ ఒకే గీతతో చేయబోతే కుదరదు.

అన్ని రూపాల్లోనూ నాలుగు ముక్కలూ విడివిడిగా కనిపించవు. [కన్]-తొ లో ధాతువూ, చివరి ఒ మాత్రమే మిగిలాయి. ఆ ఒ ఒక్కటే వర్తమానాన్నీ 'నేను'నూ మోస్తుంది. పూర్తయిన భూతకాలంలో 'నువ్వు పాడావు' అన్నది కన్-[తస్]-తె. ఇక్కడ మాత్రం చివర 'నువ్వు' ప్రత్యయమైన స లేదు. ఆ వెలితి స్పానిష్ జనానికీ తోస్తుంది కాబోలు, మాటల్లో చాలామంది 'కంతస్తెస్' అనేస్తారు. అది ప్రామాణికం కాదు, పరీక్షలో రాయకండి.

మామూలు క్రియల్లో ధాతువు చివరి హల్లు ధ్వని మారదన్నది ఇంకో సంగతి. [బుస్]-కొ (వెతుకుతాను), బుస్-[కె] (వెతికాను). తెలుగులో రాస్తే ఏ మార్పూ లేదు. రోమన్ స్పెల్లింగ్‌లో మాత్రం 'క' ధ్వని రాసే అక్షరం ఎ ముందు 'స' అయిపోతుంది కాబట్టి, ఆ అక్షరం తీసి క్యూ, యు రాస్తారు. పట్టికల్లో దీన్ని 'స్పెల్లింగ్ మారే క్రియలు' అని వేరే అధ్యాయంగా ఇస్తారు. క గుణింతం నేర్చుకున్నవాళ్లకు ఇందులో మారిందేమీ లేదని వెంటనే తెలుస్తుంది.

అడుగు 5: ఏ కాలంలో ఊనిక ఏ ముక్క మీద

అన్ని కాలాలనూ ఊనిక పడే ముక్కను బట్టి మూడు రకాలుగా చూడొచ్చు.

మొదటి రకం వర్తమానం, దాంతోపాటు సబ్జంక్టివ్ (కోరిక, సందేహం, ఊహ లాంటివి చెప్పే క్రియారూపం) వర్తమానం. ఇందులో ఊనిక రెండు చోట్ల ఊగుతుంది. నేను, నువ్వు, అతను/ఆమె, వాళ్లు రూపాల్లో ధాతువు మీద పడుతుంది: [కన్]-తొ, [కన్]-తస్, [కన్]-త, [కన్]-తన్. 'మేం' దగ్గర, స్పెయిన్‌లో వాడే 'మీరంతా' దగ్గర ధాతువు దాటి గుంపు అచ్చు మీదికి వస్తుంది: కన్-[త]-మొస్, కన్-[తయ్స్]. ధాతువు ఎంత పొడవున్నా ఊనిక దాని ఆఖరి సిలబుల్ మీదే, ఇంకా వెనక్కి పోదు. ప్రాక్టీస్ చేయడం అనే క్రియలో 'నేను' రూపం ప్రక్-[తి]-కొ. [ప్రక్]-తి-కొ అంటే 'ప్రాక్టికల్' అనే విశేషణం. ఇంగ్లిష్ అలవాటుతో మనం నొక్కేది రెండోదాన్నే.

రెండో రకం రెండు భూతకాలాలు, సబ్జంక్టివ్ భూతకాలం. ఇక్కడ ఊనిక ధాతువు మీద పడదు, దాని తర్వాతి అచ్చు మీదే నిలుస్తుంది. సాగుతున్న భూతకాలం చూడండి:

కన్-[త]-బ, కన్-[త]-బస్, కన్-[త]-బ, కన్-[త]-బ-మొస్, కన్-[త]-బన్

నిలువుగా రాస్తే ఊనిక అంతా ఒకే స్తంభంలా కనిపిస్తుంది. లాటిన్‌లో ఇలా లేదు, 'మేం' రూపంలో ఊనిక ఒక సిలబుల్ ముందుకు, 'బ' మీదికి జరిగేది. స్పానిష్ దాన్ని వెనక్కి లాగి మిగతావాటి వరుసలో నిలబెట్టింది. అందువల్లే ఆ ఒక్క రూపం ఎస్ద్రుఖుల అయింది, దానికి తిల్దె వచ్చింది. ఈ వరుసలో నిలబెట్టే ధోరణి ఇంకా ఆగలేదు. సబ్జంక్టివ్‌లో 'మనం వెళ్దాం' అన్నదాన్ని బ-[య]-మొస్ అనాల్సి ఉండగా, మెక్సికోలోనూ మరికొన్ని చోట్లా జనం నోట [బ]-య-మొస్ అని వినిపిస్తుంది. అకాడమీ ఒప్పుకోదు, కానీ లాటిన్‌కు అప్పట్లో జరిగిందీ ఇదే.

పూర్తయిన భూతకాలం: కన్-[తె], కన్-[తస్]-తె, కన్-[తొ], కన్-[త]-మొస్, కన్-[త]-రొన్. మొదటిదీ మూడోదీ అచ్చుతో ముగిసి చివర నొక్కుతాయి కాబట్టి వాటికే తిల్దె. ఈ క్రియలో 'మేం' రూపం వర్తమానంలోనూ ఇక్కడా అచ్చంగా ఒకటే. నిన్నటి మాటా ఇవాళ్టి మాటా అన్నది సందర్భం చెప్పాలి.

ఇక్కడే టెన్షన్ పెట్టే జంటలున్నాయి. [కన్]-తె అంటే 'మీరు పాడండి', కన్-[తె] అంటే 'నేను పాడాను'. కన్-[త]-ర అంటే సబ్జంక్టివ్‌లో 'పాడి ఉంటే', కన్-త-[ర] అంటే 'పాడుతుంది, రేపు'.

మూడో రకం భవిష్యత్తు, కండిషనల్ ('అయితే పాడేవాణ్ని' లాంటి షరతు రూపం). ఊనిక ధాతువునూ గుంపు అచ్చునూ రెంటినీ దాటి ప్రత్యయం మీదికి వెళ్తుంది: కన్-త-[రె], కన్-త-[రస్], కన్-త-[ర], కన్-త-[రె]-మొస్, కన్-త-[రన్]. కారణం చరిత్రలో ఉంది. ఇవి మొదట రెండు మాటలు: మూలరూపం 'కంతర్', దాని పక్కన 'కలిగి ఉండు' అనే సహాయక క్రియ. ఆ రెండూ అతుక్కుపోయి ఒకటయ్యాయి. ఊనిక మాత్రం రెండో మాటదే మిగిలింది. పాత స్పానిష్‌లో ఈ రెంటి మధ్య సర్వనామం కూడా దూరేది, 'కంతర్ లొ ఎ' అన్నట్టు. అందుకే భవిష్యత్తుకు ధాతువు మీద కాకుండా మూలరూపం మీద ప్రత్యయం తగిలిస్తారు. కండిషనల్ కూడా అదే కుటుంబం: కన్-త-[రి]-అ, కన్-త-[రి]-అ-మొస్. అన్నిట్లోనూ ఇ మీద తిల్దె.

ఈ మూడు రకాలకూ ఎదురుతిరిగే ఒక చిన్న ముఠా ఉంది. పూర్తయిన భూతకాలంలో ఊనికను 'నేను', 'అతను' రూపాల్లో ధాతువు మీదే ఉంచుకునే క్రియలివి: [తు]-బొ (అతని దగ్గర ఉండింది), [ఇ]-సొ (చేశాడు), [ది]-ఖొ (చెప్పాడు), [పు]-సొ (పెట్టాడు), [పు]-దొ (చేయగలిగాడు), [కి]-సొ (కోరాడు), [బి]-నొ (వచ్చాడు, ఈ మాటకు వైన్ అని కూడా అర్థం). వీటికి తిల్దె ఉండదు. మిగతా క్రియలను చూసి వీటికీ చివర నొక్కడం కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు.

వర్తమానంలో కూడా ఒక మొండి క్రియ ఉంది, 'ఉండు' అనే అర్థంలో వాడేది: ఎస్-[త], ఎస్-[తస్], ఎస్-[తన్]. ధాతువులో ఊనిక పట్టడానికి సొంత అచ్చు లేదు, ముందున్న 'ఎ' కేవలం స కోసం తగిలించింది. కాబట్టి ఊనిక చివరికే పోతుంది. [ఎస్]-త అంటే 'ఈ' అనే విశేషణం అయిపోతుంది.

అడుగు 6: ధాతువు ఎందుకు రంగు మారుస్తుంది

నిద్రపోవడం: దొర్-[మిర్]. వర్తమానం చూడండి.

[ద్వెర్]-మొ, [ద్వెర్]-మెస్, [ద్వెర్]-మె, దొర్-[మి]-మొస్, [ద్వెర్]-మెన్

ఇలాంటి క్రియలను పట్టికలో గీత గీసి చుట్టూ కలిపితే బూటు ఆకారం వస్తుందని, అందుకే 'బూటు క్రియలు' అని చాలాచోట్ల నేర్పుతారు. బొమ్మ గుర్తుంటుంది, కారణం మిగలదు. కారణం ఐదో అడుగులో చూసిందే: ఊనిక ధాతువు మీద ఉన్నప్పుడు ఒ కాస్తా వె అయింది, ఊనిక తప్పుకోగానే మళ్లీ ఒ. [పియెర్] లాంటి రెండు సిలబుల్స్ కాకుండా, ఒకే సిలబుల్‌గా [ప్యెర్]-దొ (పోగొట్టుకుంటాను), కానీ పెర్-[దె]-మొస్. ఇక్కడ ఎ, యె అయింది.

లాటిన్‌లో మన తెలుగులాగే హ్రస్వ దీర్ఘాలుండేవి. స్పానిష్‌కు వచ్చేసరికి ఆ తేడా పోయింది, కానీ ఊనిక పడిన హ్రస్వ ఎ, హ్రస్వ ఒ లు పగిలి యె, వె లయ్యాయి. క్రియల్లోనే కాదు, తలుపు [ప్వెర్]-త, తలుపు కాసేవాడు పొర్-[తె]-రొ.

ప్రతి ఒ, ప్రతి ఎ ఇలా మారవు. [కొ]-మొ (తింటాను) మారలేదు. మూలరూపం చూసి ఏ క్రియ మారుతుందో చెప్పలేం, దాన్ని నిఘంటువులో చూసి నేర్చుకోవాల్సిందే. కానీ మారే క్రియ అని తెలిస్తే, ఏ రూపంలో మారుతుందో ఊనికే చెబుతుంది. కాబట్టి ప్రతి కొత్త క్రియనూ మూలరూపంతోపాటు 'నేను' రూపాన్నీ కలిపి నేర్చుకోండి: కొన్-[తర్], [క్వెన్]-తొ. ఈ జంట చేతిలో ఉంటే మిగతా పట్టిక మీరే కట్టుకోవచ్చు.

అర్జెంటీనా, ఉరుగ్వేల స్పానిష్ ఈ మాటకు మంచి సాక్ష్యం. అక్కడ 'నువ్వు'కు 'బొస్' అంటారు, దాని క్రియారూపంలో ఊనిక చివర పడుతుంది. అందువల్ల మిగతా చోట్ల [ద్వెర్]-మెస్, [ప్వె]-దెస్ అనేవాటిని వాళ్లు దొర్-[మిస్], పొ-[దెస్] అంటారు. ఊనిక ధాతువును వదిలేసింది, కాబట్టి ఒ పగల్లేదు. 'పాడు' అనే ఆజ్ఞ మెక్సికోలో [కన్]-త, బ్యూనస్ ఎయిరిస్‌లో కన్-[త].

దుర్-[మ్యొ] (నిద్రపోయాడు), పి-[ద్యొ] (అడిగాడు) లాంటి భూతకాల రూపాల్లో ఒ, ఎ లు ఉ, ఇ లవడం వేరే కథ. అక్కడ పని చేసేది ఊనిక కాదు, తర్వాతి సిలబుల్‌లో ఉన్న య-వత్తు. -ఇర్ క్రియల్లోనే ఇది జరుగుతుంది.

అడుగు 7: ఇ, ఉ లతో ముగిసే ధాతువులు

ఎస్-తు-[ద్యర్] (చదవడం), ఎం-[బ్యర్] (పంపడం). మూలరూపంలో ఒకేలా ఉన్నాయి. 'నేను' రూపంలో విడిపోతాయి: ఎస్-[తు]-ద్యొ, కానీ ఎం-[బి]-ఒ. రెండోదానిలో ఊనిక ఇ మీద పడి సంధిని అడ్డుకుంది, తిల్దె వచ్చింది. భూతకాలంలో ఎం-[బ్యొ] (పంపాడు) అన్నప్పుడు ఊనిక ఒ మీదికి పోయి సంధి తిరిగి కుదిరింది. -యర్ క్రియ ఏ పక్షమో నిఘంటువే చెప్పాలి. ఉ తో ముగిసే ధాతువుల్లో మాత్రం ఒక సూచన ఉంది: ముందు గ ఉంటే ఉ మీద ఊనిక పడదు, అ-బె-[రి]-గ్వొ (కనుక్కుంటాను). ఇతర హల్లులుంటే సాధారణంగా పడుతుంది, కొన్-తి-[ను]-ఒ (కొనసాగిస్తాను).

ధాతువు మధ్యలో కూడా ఇదే ఆట ఉంది. నిషేధించడం ప్రొయ్-[బిర్], నిషేధిస్తాను ప్రొ-[ఇ]-బొ. మధ్యలో పలకని హెచ్ అక్షరం ఉన్నా దాన్ని లెక్కలోకి తీసుకోరు, ఇ మీద తిల్దె రాయాల్సిందే.

అడుగు 8: తోక తగిలినప్పుడు

ఆజ్ఞకు, మూలరూపానికి, '-తూ' అనే అర్థమిచ్చే రూపానికి స్పానిష్ సర్వనామాలను వెనక అతికిస్తుంది. [ద] అంటే ఇవ్వు. [ద]-మె, నాకివ్వు. [ద]-మె-లొ, దాన్ని నాకివ్వు. ఎన్ని తోకలు తగిలినా ఊనిక కదలదు. కదలనందువల్లే చివరి నుంచి లెక్క మారుతుంది, మూడోదానికి తిల్దె అవసరమవుతుంది. ది-[స్యెన్]-దొ-మె-లొ (దాన్ని నాకు చెబుతూ) లో అది చివరి నుంచి నాలుగో సిలబుల్. కన్-[తర్]-ల (దాన్ని పాడటం) కు తిల్దె లేదు, కన్-[తర్]-సె-ల (దాన్ని అతనికి పాడటం) కు ఉంది. తిల్దె వేయాలా వద్దా అన్నది తోకలు తగిలించాక మొత్తం మాటను చూసి తేల్చాలి. 1999కి ముందు ఇలా లేదు, విడిగా ఉన్నప్పుడు తిల్దె ఉన్న క్రియ తోక తగిలినా దాన్ని ఉంచుకునేది. పాత అచ్చు పుస్తకాల్లో 'దెమె' (నాకివ్వండి) మీద గీత కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి.

'వెళ్దాం పదండి' అనే [బ]-మొ-నొస్ లో మొస్ + నొస్ కలిసేచోట మొదటి స రాలిపోతుంది.

చేతిలో పట్టుకుని విప్పి చూద్దాం

కొత్త క్రియారూపం ఎదురైతే ఈ వరుసలో వెళ్లండి: తోకలు ఊడదీయండి, సిలబుల్స్ విరవండి, ఊనికను పట్టుకోండి, ఊనిక ఏ ముక్క మీద ఉందో చూసి కాలాన్ని పోల్చుకోండి. చివర ధాతువును మూలరూపానికి తీసుకెళ్లండి.

దె-[బ్వెల్]-బె-మె-లొ. చివర మె, లొ తోకలు. మిగిలింది దె-[బ్వెల్]-బె. ఊనిక ధాతువు మీద, అచ్చు వె గా పగిలింది, కాబట్టి మూలం దె-బొల్-[బెర్], తిరిగివ్వడం. 'దాన్ని నాకు తిరిగివ్వు'. నాలుగో సిలబుల్ మీద ఊనిక, తిల్దె తప్పనిసరి. బ్యూనస్ ఎయిరిస్ మనిషి ఇదే మాటను దె-బొల్-[బె]-మె-లొ అంటాడు. అక్కడ ఒ పగలదు.

కొన్స్-త్రు-[ఇ]-అ-మొస్. తోక లేదు. స ముందువైపే ఉండిపోయింది, త-ర జంట విరగలేదు. ఇ మీద ఊనిక, రెండు పక్కలా సంధి లేదు. ముక్కలు: కొన్స్త్రు + ఇ + అ + మొస్. ఊనిక గుంపు అచ్చు మీద, కాబట్టి సాగుతున్న భూతకాలం: 'మేం కడుతూ ఉండేవాళ్లం'.

బుస్-[కె]-మొస్-లొ. తోక లొ. మిగిలిన బుస్-[కె]-మొస్ లో గుంపు అచ్చు అ ఉండాల్సిన చోట ఎ ఉంది, అంటే సబ్జంక్టివ్. 'మేం' రూపం కాబట్టి ఊనిక ధాతువు దాటింది. స్పెల్లింగ్‌లో క్యూ, యు కనిపిస్తాయి, వాటి వెనక ధాతువు మన 'బుస్క్' ఏ. తోక లేనప్పుడు తిల్దె అక్కర్లేదు, లొ తగలగానే చివరి నుంచి మూడోది అయింది కాబట్టి ఎ మీద తిల్దె పడింది. 'దాన్ని వెతుకుదాం'.